పట్టు తెలిస్తే గుణం తెలుస్తుంది

పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, చెన్నై మాధవరం పాల కాలనీలో మా పక్కింటావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. "రాత్రి పదకొండింటిదాకా పుస్తకం వదలడండీ. కెమిస్ట్రీలో మాత్రం ముప్పై దాటడం లేదు" అన్నారు. కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. కూర్చోబెట్టి అడిగితే గడగడా అప్పజెప్పాడు. అయానిక పదార్థాల ద్రవీభవన స్థానం ఎక్కువ, నీళ్ళలో కరుగుతాయి, కరిగితే కరెంటు పారుతుంది. సమయోజనీయ పదార్థాలు దానికి వ్యతిరేకం. పట్టికంతా వచ్చు, ఒక్క తప్పు లేదు.

"మరి నీళ్ళలో కరిగే ఉప్పు మీ అమ్మ పోపు పెట్టే నూనెలో ఎందుకు కరగదురా?" అని అడిగాను. నోరు మెదపలేదు.

ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. పెద్దవాళ్ళనూ చూశాను. వాళ్ళకు తక్కువైంది తెలివి కాదు, శ్రమ అసలే కాదు. గుణాలను ఒక జాబితాగా మోస్తున్నారు. జాబితాలో ఒక వరస జారిపోతే పక్క వరస దాన్ని ఆదుకోదు. అందుకే ఈ అధ్యాయంలో ఒకే ఒక్క అలవాటు నేర్పాలనుకుంటున్నాను. ఏ వస్తువు కనబడినా దాని గుణాన్ని బట్టీ పట్టకుండా, పట్టు ఎక్కడుందో అడగండి. ఇందులో ఉన్న కణాలు ఏమిటి, అవి ఒకదాన్నొకటి దేనితో పట్టుకున్నాయి, ఎలా పేర్చుకుని ఉన్నాయి? ఈ మూడూ తెలిస్తే గుణం చాలావరకు మీరే ఊహించగలరు. ఊహించింది ఎవరూ మర్చిపోరు.

ఆ రాత్రే వాణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళాను. పాత స్టీలు స్పూన్లు మూడు తీశాం. ఒకదాంట్లో కొవ్వొత్తి నుంచి గీసిన మైనం, ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో నాలుగు కల్లుప్పు పలుకులు. ఒక్కో స్పూనునూ పట్టకారుతో పట్టుకుని సన్నని మంటమీద పెట్టాం. (పిల్లలతో చేస్తుంటే పెద్దవాళ్ళు పక్కనే ఉండండి. మైనం మరీ వేడెక్కితే అంటుకుంటుంది.) మైనం క్షణాల్లో నీరైపోయింది. పంచదార కాసేపు ఆలోచించి, అంచుల్లో కరిగి, బంగారు రంగు తిరిగి, గోధుమరంగై, కమ్మని వాసన వేసి, చివరికి మాడింది. కల్లుప్పు చిటపటమని రెండు పలుకులు ఎగిరిపడ్డాయి. స్పూను నల్లబడింది కానీ మిగతా పలుకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ చిటపట ఉప్పు కరగడం వల్ల వచ్చింది కాదు. పలుకుల లోపల చిక్కిన తేమ ఆవిరై తన్నుకుని బయటికొచ్చిన చప్పుడు అది.

"ఏది ఎవర్ని పట్టుకుని ఉందో చెప్పు" అన్నాను. ఉప్పులో సోడియం అయాన్లకు ధనావేశం, క్లోరైడ్ అయాన్లకు ఋణావేశం. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. పలుకు మొత్తం అటూ ఇటూ లాక్కుంటూ బిగిసిపోయిన ఒకే కట్టు. దాన్ని వదులు చేయాలంటే 801 డిగ్రీలు కావాలి. మన స్పూను అంత వేడెక్కదు. అదే పలుకును నీళ్ళలో వేస్తే నిమిషంలో విడిపోతుంది. నీటి అణువుకు ఒక చివర కాస్త ధనం, ఒక చివర కాస్త ఋణం. నీటి అణువులు గుంపులుగా వచ్చి ఒక్కో అయాన్‌ను చుట్టేసి పక్కకు లాక్కుపోతాయి. నూనె అణువుల్లో ఆవేశం అలా రెండు కొసలకు విడిపోయి ఉండదు కాబట్టి ఉప్పును లాగే చెయ్యే దానికి లేదు. పోపు ప్రశ్నకు జవాబు దొరికింది. పట్టికలో ఎక్కడా లేని జవాబు!

మైనం, పంచదారల దగ్గర అసలు పాఠం ఉంది. ఈ రెండింటిలోనూ పట్టులు రెండు రకాలు. అణువు లోపల పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని గట్టిగా పట్టుకుంటాయి, అది ఇంటి లోపలి పట్టు. ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య ఉండేది పలచని పట్టు, అది ఇరుగుపొరుగు పట్టు. మైనం కరిగినప్పుడు ఇరుగుపొరుగు పట్టు మాత్రమే సడలింది, అందుకే చల్లారితే మళ్ళీ అదే మైనం. పంచదార అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఎక్కువ, అవి సడలడానికి ఎక్కువ వేడి కావాలి. ఆ వేడికి ఇంటి లోపలి పట్టూ తెగడం మొదలవుతుంది. అందుకే అది రంగు మారింది, వాసన మారింది. మాడిన పంచదార తిరిగి పంచదార కాదు.

చదువులో ఎక్కువమంది బోల్తా పడేది ఈ రెండు పట్టుల తేడా దగ్గరే. పరీక్షించి చూడండి. కాఫీకి నీళ్ళు మరుగుతుంటే ఆ బుడగల్లో ఏముందని మీ ఇంట్లో అడగండి. మా కుర్రాడు తడుముకోకుండా "హైడ్రోజన్, ఆక్సిజన్" అన్నాడు. అదే నిజమైతే రోజూ పొద్దున్నే మన వంటిళ్ళు పేలిపోవాలి కదా! బుడగల్లో ఉన్నది నీరే, ఆవిరి రూపంలో. మరిగేటప్పుడు తెగేది అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు. అణువు లోపలి బంధం వాటికంటే సుమారు ఇరవై రెట్లు గట్టిది, దాన్ని ఆ మంట కదిలించలేదు. అలాగని ఇరుగుపొరుగు పట్టును తక్కువ చేయకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు నీటి అణువు కంటే బరువైనది. అయినా దానికి హైడ్రోజన్ బంధాలు దాదాపు లేవు కాబట్టి సున్నాకు 60 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది, మురుగు కాలవ పక్కన మన ముక్కుకు తగులుతుంది. నీటికి ఆ పలచని పట్టే లేకపోతే చెరువూ లేదు, చెంబూ లేదు.

ఇక పాల దగ్గరికి వద్దాం. మా పేటకు పేరు తెచ్చింది పాలే. 1960ల్లో ఇక్కడ పెట్టిన డెయిరీ చుట్టూ పెరిగిన ఊరు ఇది. తెల్లారకముందే ఆవిన్ పాల ప్యాకెట్ల వ్యానులు కదులుతాయి. మా ఇళ్ళలో ఆ ప్యాకెట్టు రోజుకు మూడు వేషాలు వేస్తుంది. పాలు, పెరుగు, ఎప్పుడైనా పనీరు. మూడింటికీ ముడిసరుకు ఒకటే. తేడా అంతా పట్టులోనూ పేర్పులోనూ ఉంది.

పాల ప్రోటీన్లలో సుమారు ఎనభై శాతం కేసిన్. అది విడివిడి పోగులుగా తిరగదు, చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని ఉంటుంది. ఒక్కో ఉండ మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఉండ లోపల పోగులను కలిపి ఉంచే వాటిలో కాల్షియం ఫాస్ఫేట్ ముఖ్యమైనది. ఉండ పైన సన్నని నూగులా లేచిన పోగులున్నాయి, వాటికి ఋణావేశం. రెండు ఉండలు దగ్గరకొస్తే నూగూ నూగూ తోసుకుంటాయి. అందుకే పాలు పాలుగా, పలచగా, తెల్లగా ఉంటాయి. ఆ తెలుపు కూడా ఏ రంగూ కలిపింది కాదు. ఈ ఉండలూ, వెన్న బొట్లూ వెలుతురును అన్ని వైపులా చెదరగొట్టడం వల్ల వచ్చింది.

ఇప్పుడు తోడు వేయండి. తోడులోని బాక్టీరియా పాలలో ఉన్న చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మామూలుగా పాల పీహెచ్ 6.6 ప్రాంతంలో ఉంటుంది. అది మెల్లగా దిగుతూ 4.6 దగ్గరికి వచ్చేసరికి నూగు మీది ఆవేశం చల్లారిపోతుంది, లోపలి కాల్షియం కరిగి బయటికి జారుకుంటుంది. తోసుకోవడం మానేసిన ఉండలు ఒకదానికొకటి అంటుకుంటాయి. రాత్రంతా తీరిగ్గా జరిగే పని కనుక అవి వరసలు వరసలుగా చేరి, గిన్నె అంతటా ఒక వల అల్లుతాయి. ఆ వల కళ్ళలో నీరంతా చిక్కుకుంటుంది. పొద్దున్న గిన్నె వంచినా కారని గడ్డపెరుగు అదే. అందులో నీటి వాటా ఇంకా ఎనభై శాతం పైమాటే!

"తోడుకుంటుంటే గిన్నె కదపకు" అని మా అమ్మ ఎందుకు కసిరేదో చాలా ఏళ్ళకు అర్థమైంది. అల్లుతున్న వల తెగుతుందని. పెరుగులో ఒక గరిటె తీసిన చోట మర్నాటికి నీరు ఊరి గుంటలో నిలుస్తుంది చూడండి. తెగిన వల ముడుచుకుంటూ, తను పట్టి ఉంచిన నీటిని వదులుతోందన్నమాట.

అదే పాలను మరిగించి నిమ్మకాయ పిండితే? ఆమ్లం ఒక్కసారిగా వచ్చి పడుతుంది, వేడికి ఉండలు ఉరుకులు పరుగుల మీద ఉంటాయి. వల అల్లే వ్యవధి లేదు. దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకుని బిగుసుకుపోతాయి, నీటిని బయటికి నెట్టేస్తాయి. అడుగున లేత పసుపుపచ్చ తేటనీరు, పైన తెల్లటి ముద్దలు. గుడ్డలో కట్టి బరువు పెడితే పనీరు. ముక్క కోసి పెనం మీద వేయిస్తే కరగదు, ఆకారం చెదరదు. కణాలు అవే, వాటిని కలిపిన పట్టూ ఇంచుమించు అదే, పేర్పు మారింది. ఒకటి చెంచాకు జారుతుంది, ఒకటి కత్తికి తెగుతుంది.

మన భాషలో దీన్ని "పాలు విరిగిపోయాయి" అంటాం. నిజానికి అక్కడ విరిగింది తక్కువ, కలిసింది ఎక్కువ. "తోడుకున్నాయి" అన్న మాటే జరిగిన సంగతికి దగ్గరగా ఉంది. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, కంటికి కనిపించని పనికి ఎంత సరైన పేరు పెట్టారని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇంటి పదార్థాల్లో రుజువైన ఈ పద్ధతి ఫ్యాక్టరీల్లో పనికొస్తుందా అనే అనుమానం మీకు రావచ్చు. ఇదే చెన్నైలో, అడయారులో, 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. దాన్ని ప్రపంచం గుర్తించే స్థాయికి తెచ్చిన డైరెక్టరు యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన మన మనిషి. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో ఆయన్ను పోగొట్టుకున్నాం. ఆయన వృత్తి అంతా కొలాజెన్ అనే ఒక్క ప్రోటీన్ చుట్టూ తిరిగింది. పచ్చి చర్మంలో ఉండేది అదే. దాని పేర్పు ఎలాంటిదో చెప్పింది కూడా మద్రాసే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి, కొలాజెన్ మూడు పోగులు పేనిన తాడు లాంటిదని చూపారు. ఒక్కో పోగులో మూడో వంతు స్థానాల్లో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లమే ఉంటుంది. పోగులు మూడూ ఒరుసుకునే నడిమి ఇరుకులో మరొకటి పట్టదు.

పచ్చి చర్మాన్ని వేడి నీళ్ళలో పెడితే 60-65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది. ఇంకా ఉడికిస్తే ఆ తాడు విడిపోయి జిగురుగా మారుతుంది. పోగుల మధ్య పట్టు బలహీనం కదా. క్రోమియం లవణాలతో ఊనిస్తే క్రోమియం పక్కపక్క పోగులను అడ్డంగా కుట్టేస్తుంది, మరిగే నీటికి కూడా తోలు తట్టుకుంటుంది. అలాంటి క్రోమ్ తోలు ఫ్యాక్టరీ వల్లే మన క్రోంపేటకు ఆ పేరు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క నానబెట్టి చేసే పాత పద్ధతిలో టానిన్లు హైడ్రోజన్ బంధాలతో పోగులను అల్లుకుంటాయి. ఆ తోలు బరువుగా, బిరుసుగా ఉంటుంది, వేడికి అంతగా ఓర్చదు. టానిన్ పట్టు ఎలా ఉంటుందో మీ నాలుకకు ముందే తెలుసు. పచ్చి వక్క నమిలినప్పుడు నోరు పిడచగట్టి వగరనిపిస్తుందే, అది టానిన్లు మీ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేయడమే.

ఇప్పుడు రెండో పొరపాటు. ఇది పుస్తకాలు చదివినవాళ్ళలోనూ ఉంది. "బంధాల్లో శక్తి దాగుంటుంది, బంధం తెంపితే శక్తి బయటికొస్తుంది" అంటారు. తలకిందుల మాట. ఏ బంధాన్నైనా తెంపడానికి శక్తి ఖర్చవుతుంది. కొత్త బంధం ఏర్పడ్డప్పుడే శక్తి వస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మాధవరం నుంచి మణలి దాకా వెళితే చాలు.

2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వారంలోనే అందరి చూపూ మణలి మీద పడింది. 2015లో కస్టమ్స్ పట్టుకున్న అదే సరుకు, 697 టన్నులు, కంటైనర్లలో ఇళ్ళకు ఎంతో దూరం కాని చోట నిలవ ఉంది. వేలం వేసి, కంటైనర్లను లారీల మీద హైదరాబాదు తరలించారు. అవి కదిలేదాకా మా వీధుల్లో వేరే మాట లేదు.

చూడ్డానికి అది ఉప్పులాంటి తెల్లని పలుకే. అయానిక కట్టే. నీళ్ళలో వేస్తే గ్లాసు చల్లబడుతుంది, పొలంలో వేస్తే ఎరువు. మరి పేలుడు ఎక్కణ్ణుంచి? అమ్మోనియం భాగంలో ఒక నైట్రోజన్, నైట్రేట్ భాగంలో ఒక నైట్రోజన్ ఉన్నాయి. పెద్ద మంటలో, గట్టి మూసివేతలో పాత బంధాలు తెగితే, ఆ రెండు నైట్రోజన్లూ ఒకదాన్నొకటి మూడు జతల ఎలక్ట్రాన్లతో పట్టుకుంటాయి. ప్రకృతిలోని అతి గట్టి పట్టుల్లో అదొకటి, మోలుకు 945 కిలోజౌళ్ళు. ఆ పట్టు, దానితోపాటు నీటి అణువుల లోపలి పట్టు ఏర్పడుతున్నప్పుడు వచ్చే శక్తి, తెంపడానికి అయిన ఖర్చును మించిపోతుంది. పలుకులన్నీ ఒక్క దెబ్బకు వాయువులైపోతాయి.

అదే మణలిలో, 1970ల మొదట్నుంచీ మద్రాస్ ఫెర్టిలైజర్స్ అమ్మోనియా, యూరియా చేస్తోంది. అమ్మోనియా తయారీ అంటే గాలిలోని ఆ మూడు జతల పట్టునే తెంపడం. ఇనుము ఉత్ప్రేరకం, నాలుగు వందల డిగ్రీలు దాటిన వేడి, వంద వాతావరణాలు దాటిన పీడనం ఉంటే తప్ప నైట్రోజన్ చెయ్యి వదలదు. ఒకే బంధం. ఏర్పడితే నగరాన్ని ఊపేస్తుంది, తెంపాలంటే ఇంత పెద్ద ఫ్యాక్టరీ కావాలి. ఈ ఒక్క జత ఉదాహరణను మీ పిల్లలకు నిదానంగా చెప్పండి. బంధ శక్తి పాఠం మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

చివరిది మందుల చీటీ మీది కథ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఇక్కడే ప్రెసిడెన్సీ కాలేజీలో, మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్ళారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని తేల్చి, దాన్ని తయారు చేసింది. కణం విభజన చెందాలంటే కావలసిన విటమిన్ అది. బోస్టన్‌లో పిల్లల రక్త క్యాన్సర్‌తో పోరాడుతున్న సిడ్నీ ఫార్బర్‌కు దానికి ఎదురు పనిచేసే పదార్థం కావలసి వచ్చింది. సుబ్బారావు బృందం చేసింది చూడండి. ఆ అణువులో ఒక మూల ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉన్న చోట ఒక నైట్రోజన్, రెండు హైడ్రోజన్లు పెట్టారు. అంతే. మిగతా అణువంతా అలాగే ఉంది. పేరు అమినోప్టెరిన్.

ఆ చిన్న మార్పుతో, ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకునే ఎంజైము ఈ కొత్త అణువును పట్టుకుని ఇక వదలదు. విటమిన్ అనుకుని పట్టుకుని పని ఆపేస్తుంది. క్యాన్సర్ కణం విభజన ఆగుతుంది. 1948లో ఫార్బర్ బృందం ప్రకటించిన ఫలితాల్లో పదహారు మంది పిల్లల్లో పదిమందికి జబ్బు తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ జబ్బుకు అంత మాత్రం జవాబు కూడా లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు ఇంకో కార్బన్ గుంపు చేర్చిందే మెథోట్రెక్సేట్. నేటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి ఇస్తున్నారు. మీ ఇంట్లో కీళ్ళవాతం చీటీ ఉంటే చూడండి, మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం రెండూ తరచు ఒకే చీటీలో ఉంటాయి, అన్నదమ్ముల్లా. ఆ జబ్బుకు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. రెండు బిళ్ళల డబ్బాలు వేర్వేరు అరల్లో పెట్టండి, వారం పేరు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

ఈ వారం మీరు చేయాల్సిన పని ఒకటుంది. మూడు కర్పూరం బిళ్ళలు తీసుకోండి. ఒకటి దేవుడి అరలో తెరిచి పెట్టండి, ఒకటి బిగుతు మూత ఉన్న చిన్న డబ్బాలో. మూడోది హారతి పళ్ళెంలో వెలిగించండి. తెరిచి పెట్టింది తడి కాకుండానే రోజురోజుకూ చిక్కిపోతుంది. వెలిగించింది పళ్ళెం తుడిచిపెట్టినట్టు మండిపోతుంది. మొదటిదాంట్లో తెగింది ఏ పట్టు? వెలిగించినదాంట్లో తెగింది ఏది, కొత్తగా ఏర్పడింది ఏది? డబ్బాలోది ఎందుకు నిలిచింది? బిళ్ళలు పెట్టకముందే మీ జవాబులు నోటుపుస్తకంలో రాసి తేదీ వేయండి. వారం తిరిగాక డబ్బా మూత తీసి, లోపలి గోడల మీద ఏం మెరుస్తోందో చూసి, పక్క పేజీలో రాయండి.